చదరంగపు గడులును ధాన్యపు గింజలును



కొలతపాత్రల లెక్క యెఱుఁగని పెద్దలు మన పల్లెలలో నుండరు. రెండు గిద్దలైన అరసోల. రెండు అరసోలలు సోల. రెండు సోలలు తవ్వ. రెండు తవ్వలు మానిక. రెండు మానికలు అడ్డ. రెండు అడ్డలు కుంచము. గిద్దనుండి కుంచమువఱకు ఆఱు మెట్లు. మెట్టు మెట్టునకును రెట్టింపు. ఆఱుమాఱులు రెట్టింపఁగా కుంచమునకు అఱువదినాలుగు గిద్దలు వచ్చును. కల్లములలో మన తాతలును ముత్తాతలును దినదినమును వాడిన లెక్క యిది. ఆఱు మెట్లకే గిద్ద కుంచమైనది గదా! ఆఱు మెట్లతో నిలువక అఱువదినాలుగు మెట్లు పోయినచో నేమగును? ఈ ప్రశ్నకు సమాధానమైన యొక సంఖ్యను గుఱించియే నేఁటి ప్రసంగము. ఆ సంఖ్య మన భాషలో పద్యముగా వెలసినది. దేశదేశముల గణితవేత్తలను శతాబ్దులపాటు ఆకర్షించినది. మన యిండ్లలోని అప్పుపత్రములలోఁ గూడ దాఁగియున్నది.

చదరంగము కల్పించినవాని కథను మీరు వినియే యుందురు గనుక క్లుప్తముగాఁ జెప్పెదను. రాజు మెచ్చి వరము కోరుకొమ్మనెను. అతఁడు చదరంగపు పలకలోని మొదటి గడికి ఒక గింజ, రెండవ గడికి రెండు, మూఁడవ గడికి నాలుగు, ఈ విధముగా గడి గడికి రెట్టింపుచు అఱువదినాలుగు గడులకు సరిపడు ధాన్యము నిమ్మని యడిగెను. ఇంత స్వల్పమా యని రాజు నవ్వెను. లెక్క కట్టిన యధికారులు మాత్రము నవ్వలేకపోయిరి. పదుమూఁడవ శతాబ్దిలోని ఇబ్ను ఖల్లికాన్ అను అరబ్బు గ్రంథకర్త ఈ కథను వ్రాయుచు దీనిని హిందూదేశపు రాజుపైననే పెట్టెను. కథ నిజమా కల్పనయా యన్న విచారము మన కక్కఱలేదు. లెక్క మాత్రము నిజము.

అఱువదినాలుగు గడులలోని గింజలను కూడఁగా వచ్చు సంఖ్య ఇది: 1,84,46,74,40,73,70,95,51,615. దీనిని నోటితోఁ జెప్పవలయుననిన, ఒక లక్ష యెనుబదినాలుగు వేల నాలుగువందల యఱువదియేడు కోట్ల కోట్లు. ఆపైన నలుబదినాలుగు లక్షల యేడు వేల మూఁడువందల డెబ్బది కోట్లు. ఆపైన తొంబదియైదు లక్షల యేఁబదియొక్క వేయి ఆఱువందల పదునైదు. మొత్తము ఇరువది యంకెలు.

ఈ సంఖ్య తెలుఁగువారికి క్రొత్తది కాదు. మహావీరాచార్యుఁడను జైన పండితుఁడు తొమ్మిదవ శతాబ్దిలో, రాష్ట్రకూటరాజగు అమోఘవర్షుని కాలమున, సంస్కృతమున గణితసారసంగ్రహమను గ్రంథమును రచించెను. దానిని పావులూరి మల్లన తెనిఁగించెను. అతఁడు పదునొకండవ శతాబ్దివాఁడని పండితులు చెప్పుదురు. చదరంగపు గడుల మొత్తమును తెలుపు పద్యమొకటి ఆ మల్లన పేరిట ప్రసిద్ధమై యున్నది. ఇరువది యంకెలను ఛందస్సులో నెట్లు కూర్చిరని మీరడుగవచ్చును. మన పూర్వులు అంకెలకు మాఱుగా వస్తువుల పేళ్లను వాడెడివారు. చంద్రుఁడొక్కఁడే గనుక చంద్రుఁడనిన ఒకటి. వేదములు నాలుగు గనుక వేదమనిన నాలుగు. మన్మథుని బాణములైదు గనుక బాణమనిన అయిదు. ఆకాశము శూన్యము గనుక ఆకాశమనిన సున్న. అంకెలను ఒకట్ల స్థానమునుండి మొదలుపెట్టి ఎడమవైపునకుఁ జదువవలయును. దీనిని భూతసంఖ్య యందురు.

ఈ పద్ధతి కేవలము కవుల వేడుక కాదు. తాటాకుపై అంకెలు వ్రాసినచో లేఖకుఁడు ఒక యంకెను విడిచినను, ఒక దానికి మాఱుగా నింకొకటి వ్రాసినను చదువువానికిఁ దెలియదు. పద్యములో ఒక మాట జాఱినచో గణము చెడును, యతి చెడును, ప్రాస చెడును. తప్పు వెంటనే పట్టువడును. ఛందస్సు లెక్కకు కావలి గాచినది. మల్లనకు కొంచెము ముందు, 1000వ సంవత్సర ప్రాంతమున, అల్ బీరూనీ యను పండితుఁడు తన కాలగణన గ్రంథమున ఇదే లెక్కను కట్టి ఇదే సంఖ్యను వ్రాసెను. మన పద్యమందలి యిరువది యంకెలకును అతని యంకెలకును ఒక్కచోటఁ గూడ భేదము లేదు.

ఇఁక ఈ సంఖ్య యొక్క పరిమాణమును చూతము. వడ్లగింజలు రకమునుబట్టి వేయింటికి ఇరువది మొదలు ఇరువదియైదు గ్రాముల వఱకుఁ దూఁగును. మనము వేయింటికి 25 గ్రాములని తీసికొందము. అప్పుడు కిలోకు 40,000 గింజలు. టన్నుకు నాలుగు కోట్ల గింజలు. పలకలో ఎనిమిది పంక్తులు, పంక్తికి ఎనిమిది గడులు. మొదటి పంక్తి ముగియునప్పటికి 255 గింజలు మాత్రమే. అవి యొక పిచ్చుకకు చాలును. రెండు పంక్తులు ముగియునప్పటికి 65,535 గింజలు. ఇవి కిలోన్నరకుఁ గొంచెము మించును. మూఁడు పంక్తులకు సుమారు 420 కిలోలు, అనఁగా డెబ్బదియైదు కిలోల బస్తాలు అయిదున్నర. ఇంతవఱకు ఏ సామాన్య రైతైనను ఇచ్చుకొనఁగలఁడు. నాలుగు పంక్తులకు 107 టన్నులు, అనఁగా 1,400 బస్తాలకు పైన; దీని నొక పెద్ద భూస్వామి యీయఁగలఁడు. అయిదు పంక్తులకు 27,000 టన్నులు దాటును. ఆఱింటికి 70 లక్షల టన్నులు. ఏడింటికి 180 కోట్ల టన్నులు. నేఁడు ప్రపంచమంతయు ఒక్క సంవత్సరమునఁ బండించు వడ్లు దాదాపు 80 కోట్ల టన్నులు. కావున ఏడవ పంక్తికే రెండేండ్ల ప్రపంచపు పంట చాలదు. ఎనిమిదవ పంక్తియుఁ గలిసినచో 46,000 కోట్ల టన్నులు దాటును. అది అయిదువందల యేండ్లకు మించిన ప్రపంచపు పంట!

సగము పలక నిండువఱకు ఈ లెక్క మన యూరి లెక్కవలెనే యున్నది. రెండవ సగమునందుఁ గదా అది లోకమును మ్రింగినది. రెట్టింపు యొక్క స్వభావమే యిది; మొదట మనలను నమ్మించును, తుదకు ముంచును.

ఇంత పెద్ద మొత్తమును అఱువదినాలుగు కూడికలు చేయకయే కనుఁగొను నుపాయము కలదు. మొదటి గడిలోని గింజ ప్రక్కన ఒక గింజను చేబదులు తెచ్చి పెట్టుఁడు. రెండు గింజలైనవి. రెండవ గడిలో నున్నవియు రెండే, కలిపిన నాలుగు. మూఁడవ గడిలో నున్నవియు నాలుగే, కలిపిన నెనిమిది. ఇట్లు ప్రతి గడిని చేరునప్పటికి మనచేత నున్నవి సరిగా ఆ గడిలోని వాటితో సమానమై, కలిపినప్పుడు రెట్టింపగుచుండును. అఱువదినాలుగవ గడియుఁ గలిపిన తరువాత మనచేత నుండునది రెండును అఱువదినాలుగుమాఱులు హెచ్చింపఁగా వచ్చు సంఖ్య. అందుండి చేబదులు గింజను తిరిగి యిచ్చివేయుఁడు, మిగిలినదే సమాధానము. దీనినుండి ముఖ్యమైన సూత్రమొకటి తేలినది. ఏ గడిలోని గింజలైనను, దానికి ముందున్న గడులన్నిటిలోని గింజల మొత్తముకంటె సరిగా ఒక్కటి యెక్కువ. ఈ సూత్రమును జ్ఞాపకముంచుకొనుఁడు. తుదిని దీనితోఁ బని యున్నది.

నోటిలెక్కగా అంచనా వేయుటయు సులభమే. పదిమాఱులు రెట్టింపఁగా 1024 వచ్చును. దానిని వేయి యనుకొందము. ఇరువది రెట్టింపులకు పది లక్షలు; ముప్పదింటికి నూఱు కోట్లు; నలుబదింటికి లక్ష కోట్లు; ఏఁబదింటికి పది కోట్ల కోట్లు; అఱువదింటికి పదివేల కోట్ల కోట్లు. ఇంకను నాలుగు రెట్టింపులు మిగిలినవి. అవి పదునాఱు రెట్లు. కాఁబట్టి లక్షయు నఱువది వేల కోట్ల కోట్లు. వేయికిఁ బైనున్న యిరువదినాలుగును మనము విడుచుచు వచ్చితిమి గనుక అసలు సంఖ్య దీనికంటె కొంత యెక్కువ.

సంఖ్య సరిగా నున్నదో లేదో పరీక్షించుటకు మన కరణములు వాడిన తొమ్మిదుల పరీక్ష యున్నది. ఇరువది యంకెలను కూడఁగా 87. ఎనిమిదియు నేడును పదునైదు. ఒకటియు నైదును ఆఱు. అనఁగా ఈ సంఖ్యను తొమ్మిదిచే భాగించినచో ఆఱు శేషించును. మఱియొక మార్గమునఁ జూతము. రెండు, నాలుగు, ఎనిమిది, పదునాఱు మొదలగు సంఖ్యలను తొమ్మిదిచే భాగింప వరుసగా 2, 4, 8, 7, 5, 1 శేషించి, మరల రెండుతో మొదలగును. ఆఱింటి కొక చుట్టు. అఱువదినాలుగులో పది చుట్లు పోఁగా నాలుగు మిగులును. నాలుగవ శేషము ఏడు. అందొకటి తీసిన నాఱు. రెండు మార్గములును ఒకచోటనే కలిసినవి. చివరి యంకె అయిదగుటకును ఇట్టి కారణమే కలదు. రెట్టింపుల చివరి యంకెలు 2, 4, 8, 6 అని నాలుగింటి కొక చుట్టుగాఁ దిరుగును. అఱువదినాలుగు నాలుగుచే నిశ్శేషముగా భాగింపఁబడును గనుక చివరి యంకె ఆఱు; ఒకటి తీసిన నైదు.

ఇఁక ఈ సంఖ్యను ఏయే సంఖ్యలు నిశ్శేషముగా భాగించునో చూతము. దీనికిఁగూడ పలకయే చాలును. మొదటి నాలుగు గడులలో 15 గింజలు. తక్కిన నాలుగు గడులలో దానికి పదునాఱు రెట్లు. కనుక మొదటి పంక్తి మొత్తము 15ను 17చే గుణించినది, అదియే 255. రెండవ పంక్తి మొదటిదానికి 256 రెట్లు. కనుక రెండు పంక్తుల మొత్తము 255ను 257చే గుణించినది. తరువాతి రెండు పంక్తులు ఈ మొత్తమునకు 65,536 రెట్లు, కనుక నాలుగు పంక్తుల మొత్తము 65,535ను 65,537చే గుణించినది, అది 429,49,67,295. తుదకు పలక యంతయు ఈ సగమును 429,49,67,297చే గుణించినది. ఈ విధముగా మన సంఖ్య 3, 5, 17, 257, 65,537, 429,49,67,297 అను నాఱు సంఖ్యల గుణితమని తేలినది.

ఈ యాఱింటిని గుఱించి యొక చరిత్ర కలదు. ఒకటిచేతను తనచేతను తప్ప మఱి దేనిచేతను భాగింపఁబడని సంఖ్యను ప్రధాన సంఖ్య యందురు. మూఁడు, అయిదు, పదునేడు అట్టివి. 257, 65,537 కూడ అట్టివే. ఫెర్మా యను ఫ్రెంచి పండితుఁడు 1640లో ఈ వరుసను చూచి, మొదటి యైదును ప్రధాన సంఖ్యలు గనుక ఆఱవదియు, ఆపైనివియుఁ గూడ అట్లే యుండునని విశ్వసించెను. అతఁడు సామాన్యుఁడు కాఁడు; ఆ కాలపు మహామేధావులలో నొకఁడు. అయినను 1732లో ఆయిలరు అను పండితుఁడు ఆ విశ్వాసమును భంగపఱచెను. ఆఱవ సంఖ్యను భాగింపఁగల ప్రతి ప్రధాన సంఖ్యయు, అఱువదినాలుగుచే భాగింపఁగా ఒకటి శేషించునదియే కావలెనని అతఁడు నిరూపించెను. అట్టి ప్రధాన సంఖ్యలు 193, 257, 449, 577, 641 మొదలగునవి. వరుసగాఁ బరీక్షింపఁగా అయిదవదైన 641 నిశ్శేషముగా భాగించును, లబ్ధము 67,00,417. నమ్మకము లేనివారు ఈ రెండింటిని కాగితముపై గుణించి చూచుకొనవచ్చును. అయిదు దృష్టాంతములు కుదిరినంతమాత్రమున ఆఱవది కుదిరితీరునని నమ్మరాదను నీతి యిందున్నది. గణితములో సాక్ష్యము వేఱు, నిరూపణము వేఱు.

కావున మన ధాన్యపు సంఖ్య 3, 5, 17, 257, 641, 65,537, 67,00,417 అను ఏడు ప్రధాన సంఖ్యల గుణితము. ఈ యేడింటిలో ఒక్కొక్కదానిని తీసికొనవచ్చును, విడువవచ్చును. కావున దీనిని నిశ్శేషముగా భాగించు సంఖ్యలు రెండును ఏడుమాఱులు హెచ్చింపఁగా వచ్చునన్ని, అనఁగా 128. చదరంగపు ఎనిమిదవ గడిలోని గింజలును సరిగా 128 అగుట వినోదకరము.

సగము పలక మొత్తమునకును ఒక ప్రత్యేకత కలదు. గౌసు అను జర్మను యువకుఁడు 1796లో, ఇరువది యేండ్లు నిండకమునుపే, కొలబద్దతోను వృత్తలేఖినితోను పదునేడు సమానభుజముల యాకృతిని గీయవచ్చునని చూపెను. రెండువేల యేండ్లుగా ఎవ్వరును ఊహింపని విషయమది. ఆ రెండు సాధనములతోనే గీయవచ్చునని నేఁటివఱకుఁ దెలిసిన బేసి భుజముల యాకృతులలో మిక్కిలి పెద్దదాని భుజముల సంఖ్య సరిగా మన సగము పలక మొత్తమే: 429,49,67,295. వడ్లగింజల లెక్కకును వృత్తలేఖినికిని ఇట్టి చుట్టఱికముండునని యెవ్వరనుకొనిరి?

పలకపై నడుచుచున్నప్పుడు ఏయే గడికడ అంతవఱకు గల మొత్తము ప్రధాన సంఖ్య యగునను ప్రశ్న యింకొకటి. రెండవ గడికడ మొత్తము మూఁడు, మూఁడవదానికడ ఏడు, అయిదవదానికడ ముప్పదియొకటి. అఱువదినాలుగు గడులలో 2, 3, 5, 7, 13, 17, 19, 31, 61 అను తొమ్మిది గడులకడ మాత్రమే మొత్తము ప్రధాన సంఖ్య యగును. 1644లో మెర్సెన్ అను ఫ్రెంచి సన్న్యాసి ప్రకటించిన పట్టికలో ముప్పదియొకటి యున్నది గాని అఱువదియొకటి లేదు. రెండువందల యేండ్లకుఁ బైగా ఆ కొఱత నెవ్వరును పూరింపలేదు. 1883లో రుష్యా దేశమున ఊరాలు పర్వతప్రాంతపు పల్లెలో మతగురువుగా నుండిన పెర్వూషిన్ అనునతఁడు అఱువదియొకటవ గడి మొత్తము ప్రధాన సంఖ్యయే యని నిరూపించెను. ఆ సంఖ్యకు పందొమ్మిది యంకెలు. అతనికి యంత్రము లేదు; కాగితమును కలమును ఓర్పును మాత్రమే యుండెను. విద్య పట్టణములకే పరిమితమను వారికి ఆ పల్లెటూరి పురోహితుఁడే ప్రత్యుత్తరము.

అదే 1883లో లూకా యను ఫ్రెంచి గణితవేత్త యొక యాటబొమ్మను వెలువరించెను. మూఁడు కఱ్ఱలు, ఒకదానియందు పెద్దదానిపైఁ జిన్నదిగా పేర్చిన బిళ్లలు. మాఱున కొక్క బిళ్లనే తీయుచు, చిన్నదానిపైఁ బెద్దదానిని పెట్టక, అన్నిటిని వేఱొక కఱ్ఱకుఁ జేర్చవలయును. మూఁడు బిళ్లలకు ఏడు ఎత్తులు, నాలుగింటికి పదునైదు, అఱువదినాలుగింటికి సరిగా మన సంఖ్యయే. ఆ బొమ్మకు తోడుగా, కాశీక్షేత్రములో నొక యాలయమునందు అఱువదినాలుగు బంగారు బిళ్లలున్నవనియు, అర్చకులు రేయుఁబగలు వాటిని మార్చుచున్నారనియు, ఆ పని ముగియునాఁడు లోకము ముగియుననియు ఒక కథను కల్పించిరి. కాశికిఁ బోయి వచ్చిన మనవారెవ్వరును అట్టి యాలయమును చూడలేదు. లెక్కకు మాత్రము కథ చక్కగా నమరినది. క్షణమున కొక యెత్తుగా, అనఁగా ఒక్కొక్క సెకనున కొక బిళ్లను జరిపినను, పని ముగియుటకు సుమారు 58,454 కోట్ల సంవత్సరములు పట్టును. మనము సంకల్పములోఁ దలఁచు కల్పము 432 కోట్ల సంవత్సరములు. బ్రహ్మకు అదొక పగలు. ఆ లెక్కను ఈ పనికి 135 కల్పములు చాలవు. విశ్వము వయస్సు సుమారు 1,380 కోట్ల సంవత్సరములని నేఁటి శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. ఆ కాలమునకు నలుబదిరెండు రెట్లైనను ఈ పనికి చాలదు.

ఈ సంఖ్య నేఁడు మీ మనుమల చేతిలోని యంత్రములలోను ఉన్నది. గణనయంత్రములు ఒకటి, సున్న అను రెండంకెలతోనే సమస్తమును వ్రాయును. ఆ పద్ధతిలో మన సంఖ్యను వ్రాసినచో వరుసగా అఱువదినాలుగు ఒకట్లు వచ్చును. ఒక్క సున్నయైన నుండదు. గడి కొక యొకటి. అఱువదినాలుగు స్థానములతోఁ బనిచేయు యంత్రము, ఋణచిహ్నము లేక, ఒక్క గూటిలో నిలుపఁగల మిక్కిలి పెద్ద సంఖ్య యిదియే.

ఇంతవఱకుఁ జెప్పినది విద్యావినోదము. ఇఁకఁ జెప్పఁబోవునది సంసారులకు సంబంధించినది.

మన పల్లెలలో నూటికి నెలకు మూఁడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చుకొనుట కలదు. ప్రామిసరీ నోటునకు మూఁడేండ్ల కాలదోషము గనుక, మూఁడేండ్లు నిండకముందే వడ్డీని అసలులోఁ గలిపి క్రొత్త నోటు వ్రాయించుకొందురు. మూఁడేండ్ల వడ్డీ నూటికి 108 రూపాయలు. కావున నూఱు రూపాయల నోటు 208 రూపాయల నోటగును. అనఁగా నోటు తిరుగవ్రాసినప్పుడెల్ల బాకీ చదరంగముపై ఒక గడి జరిగినదన్నమాట. వేయి రూపాయలు తెచ్చినవాఁడు పదునైదేండ్లలో అయిదుమాఱులు నోటు తిరుగవ్రాసినచో బాకీ 38,900 రూపాయలు దాటును. వడ్డీని అసలులోఁ గలుపకుండఁ గట్టినచో అదే కాలమునకు అదే వడ్డీరేటున మొత్తము 6,400 రూపాయలు మాత్రమే. ఈ రెండింటి నడుమ భేదము రేటు వలనఁ గలిగినది కాదు. కలము వలనఁ గలిగినది. ఒక్కసారిగాఁ దీసికొను వడ్డీ అసలును మించరాదని మనుస్మృతిలో నున్నది. రెండవ గడి దాటనీయరాదని స్మృతికర్త తలఁచెను. మనకు వ్రాఁత వచ్చును, లెక్క వచ్చును. అయినను వేలిముద్ర వేసిన తాతలవలెనే క్రొత్త నోటుపై సంతకము చేయుచున్నాము. నోటు తిరుగవ్రాయునాఁడు వడ్డీలో సగమైనను చెల్లించి, అసలు రెట్టింపు గాకుండఁ జూచుకొనుఁడు. గడి జరుగుట యాగకున్నను మందగించును.

రెండవది గొలుసు పథకములు. రూపాయలు కట్టి చేరుము, నీవిద్దఱను చేర్పుము, వారు చెఱి యిద్దఱను చేర్తురు, నీకు లాభము వచ్చునని చెప్పువారు పల్లెలకును వచ్చుచున్నారు. మొదట నొకఁడు, పిదప నిద్దఱు, పిదప నలుగురు; ఇది మన పలకయే. పక్షమున కొక వరుస చేరినను, ఏడాదికిఁ గొంచెము మించునప్పటికి ఇరువదియేడు వరుసలు కావలయును. ఇరువదియేడు వరుసలకుఁ గావలసినవారు 13 కోట్ల 42 లక్షలు. 2011 జనాభా లెక్కలలో నాఁటి ఉమ్మడి ఆంధ్రప్రదేశపు జనులందఱును కలిసి ఎనిమిదిన్నర కోట్లలోపే. చంటిబిడ్డలను చేర్చినను చాలరు. కావున ఎక్కడనో యొకచోట గొలుసు తెగితీరవలయును.

తెగిననాఁడు నష్టపోవువారెందఱు? ఇప్పుడు మన సూత్రమును తలఁచుకొనుఁడు. చివరి గడిలోని గింజలు ముందరి గడులన్నిటి మొత్తముకంటె ఒకటి యెక్కువ. కనుక గొలుసు ఏ వరుసకడఁ దెగినను, ఒక్కరినైనను చేర్పలేక డబ్బు పోఁగొట్టుకొను చివరి వరుసవారు, ముందు చేరినవారందఱికంటె ఒక్కరెక్కువే యుందురు. మొదటివారి లాభము చివరివారి నష్టమే. ఆ లాభమునకు పంట లేదు, పరిశ్రమ లేదు. నిర్వాహకుఁడు సత్యసంధుఁడైనను, దేవునిపైఁ బ్రమాణము చేసినను, ఈ లెక్క మాఱదు. 1978లో మన దేశమున ఇట్టి ధనచలామణి పథకములను నిషేధించుచు శాసనము చేయఁబడినది. శాసనము వచ్చియు పథకములు పేళ్లు మార్చుకొని తిరుగుచునే యున్నవి. కాఁబట్టి శాసనముతోపాటు లెక్కయు మనకు రక్ష కావలయును.

మీ యూరిలో నెవఁడైనను పెరిఁగి పెరిఁగి రెట్టింపగు ధనమును గుఱించి చెప్పినచో, మీ రతనితో వాదింపనక్కఱలేదు. పిల్లలను పిలిచి, నేలపై ఎనిమిది గడుల పంక్తి నొకదానిని గీయించి, మానికెడు వడ్లు తెప్పించి, గడి గడికి రెట్టింపుచు పోయింపుఁడు. మొదటి పంక్తికి 255 గింజలు. రెండవ పంక్తికి మాత్రము మానిక చాలదని వారే చెప్పుదురు. మల్లన పద్యము పుట్టి తొమ్మిదివందల యేండ్లు దాటినది. ఇరువది యంకెలలో ఒక్కటియు తప్పకుండ మనకు దానిని అందించిన పెద్దల ఋణము, ఆ లెక్కను మన పిల్లలకు కల్లములో గింజలతోఁ జూపిననాఁడు కొంతయైనను తీఱును.